గేటా తిరుగుబాటు మొదలైంది ఎయిర్‌లాక్‌లోనే

‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్‌లో తిరుగుబాటు చేసిన అధికారి ఫెలిక్స్ గేటాను కాల్చి చంపడం న్యాయమేనా అన్న గొడవ విశాఖలో మళ్లీ రాజుకుంది. గత ఆదివారం సిరిపురం దగ్గర ఒక చిన్న హాల్లో కొందరు కుర్రాళ్లు ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ నాలుగో సీజన్‌లోని రెండు తిరుగుబాటు ఎపిసోడ్లూ వేశారు. వచ్చినవాళ్లలో సగం ఇంజనీరింగ్ పిల్లలు. మిగతా సగం నేవీలో చేసి రిటైరై ఈ ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నవాళ్లు. తూర్పు నౌకాదళం ప్రధాన స్థావరం ఉన్న ఊరు కాబట్టి, తిరుగుబాటు కథ ఎక్కడ ఆడినా ఇక్కడ అది ఉత్త కథగా మిగలదు. వాదన హాలు మూసే టైమ్ దాటినా ఆగలేదు. మర్నాడు పొద్దున్న బీచ్ రోడ్డు మీద వాకింగ్‌లోనూ అదే. దీని వెనక కథ వెంటనే రాయమని అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఈ సీరియల్ చూడనివాళ్లకు రెండు మాటలు: సైలాన్లంటే మనుషులు తయారుచేస్తే మనుషుల మీదే తిరగబడ్డ యంత్రాలు, వాళ్లలో కొందరు అచ్చం మనుషుల్లాగే ఉంటారు. వాళ్లు మనుషుల పన్నెండు కాలనీలను నాశనం చేస్తే, మిగిలిన జనం అంతరిక్ష ఓడల్లో భూమిని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. ఆ ఓడలకు కాపలా ఉన్న యుద్ధనౌక గెలాక్టికా. గొడవంతా 2009 జనవరి 30న, ఫిబ్రవరి 6న అమెరికాలో ప్రసారమైన ‘ది ఓత్’, ‘బ్లడ్ ఆన్ ద స్కేల్స్’ గురించి. అంతకు కొద్దిరోజుల ముందే జనం ఆశ పెట్టుకున్న భూమి అణుబూడిదగా కనిపించింది. తర్వాత అడ్మిరల్ అడామా, ప్రెసిడెంట్ రోజ్లిన్ తమవాళ్ల నుంచి విడిపోయిన కొందరు సైలాన్లతో పొత్తుకు సిద్ధపడ్డారు. వాళ్ల టెక్నాలజీని మన ఓడల్లో పెట్టనివ్వం అని చాలామంది ఎదురుతిరిగారు. ఆ కోపాన్ని పట్టుకుని వైస్ ప్రెసిడెంట్ టామ్ జారెక్, లెఫ్టినెంట్ గేటా గెలాక్టికాను చేతుల్లోకి తీసుకున్నారు. జారెక్ పన్నెండు కాలనీల ప్రతినిధుల సభను కాల్పించేశాడు. అడామాకు కోర్టు మార్షల్ పేరుతో ఒక తంతు నడిపి మరణశిక్ష వేశారు. చివరికి రోజ్లిన్ సైలాన్ల ఓడలో ఎదురుగా నిలబడి మీదికొస్తున్నానని హెచ్చరించినప్పుడు, ఫిరంగులు పేల్చకుండా ఆపమన్నవాడు గేటాయే. తిరుగుబాటు అక్కడితో కూలిపోయింది. గేటా, జారెక్ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి కాల్చేశారు.

రిటైరైన నేవీవాళ్ల వాదన సూటిగా ఉంది. సముద్రం మీద ఉన్న ఓడలో ఒక్కడే కమాండర్ ఉండాలి. అతని మీద తుపాకీ ఎత్తినవాడు ఎంత మంచివాడైనా, ఎంత బాధలో ఉన్నా శిక్ష తప్పదు. మిగిలిన మనుషులు నలభైవేలకు లోపే అయినప్పుడు ఇంకా తప్పదు. ఈ వాదనను నేను కొట్టిపారెయ్యను. ప్రతినిధుల్ని చంపాక కూడా గేటా వెనక్కి తగ్గలేదు. రోజ్లిన్ తప్పించుకుపోతున్న రాప్టర్ అనే చిన్న వాహనాన్ని కూల్చమన్నది, తన కమాండర్ మీద ప్రాసిక్యూటర్‌గా నిలబడింది అతనే. ఇవేవీ ఇంకొకరి ఖాతాలో వెయ్యలేం.

కానీ అతను ఎందుకు అలా అయ్యాడంటే చాలామంది కాలు పోయిన సంగతి చెబుతారు. డిమీట్రియస్ ఓడలో తనతో పనిచేసే యాండర్స్ కాల్చిన తూటా, తర్వాత కాలు తీసెయ్యడం, మంచంమీద అతను పాడుకున్న పాట. ఆ యాండర్స్ కూడా సైలానే అని తేలడం. కోపానికి అది చాలు అనిపిస్తుంది. నాకు మాత్రం అసలు మలుపు అంతకు చాలా ముందే, 2006 అక్టోబర్ 27న ప్రసారమైన ‘కొలాబరేటర్స్’ ఎపిసోడ్‌లో వచ్చింది. ‘కొలాబరేటర్స్’ రాసిన మార్క్ వర్‌హైడెనే ‘ది ఓత్’ కూడా రాశాడు. ఆ రెండూ వరసగా చూస్తే రెండోది మొదటిదానికి జవాబులా కనిపిస్తుంది.

జనం దిగి కాపురం పెట్టిన న్యూ కాప్రికా గ్రహం మీద సైలాన్ల ఆక్రమణ సాగిన రోజుల్లో గేటా ప్రెసిడెంట్ బాల్టార్ ఆఫీసులో పెద్ద ఉద్యోగి. పొద్దున లేస్తే శత్రువుల మధ్యే పని. జనం దృష్టిలో అతను అమ్ముడుపోయినవాడు. కానీ కుక్క అన్నం గిన్నెను గుర్తుగా పెట్టుకుని, లోపలి సమాచారాన్ని రహస్యంగా ప్రతిఘటన దళానికి చేరవేసింది అతనే. పంపినవాడెవరో అందుకున్నవాళ్లకూ తెలియదు. తెలిసి ఉంటే అతను బతికేవాడూ కాదు.

ఆక్రమణ ముగిసి అందరూ ఓడల్లోకి తిరిగొచ్చాక ఒక రహస్య న్యాయమండలి మొదలైంది. ఆరుగురు కూర్చుని సైలాన్లతో పనిచేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుతారు, చెయ్యెత్తుతారు, ఆ మనిషిని పట్టుకొచ్చి ఎయిర్‌లాక్‌లో, అంటే బయటి శూన్యంలోకి తెరుచుకునే గదిలో, పెట్టి తలుపు తెరుస్తారు. వకీలు లేడు, సాక్షులు లేరు, ముద్దాయికి తన మీద కేసు నడిచినట్టే తెలియదు. అడామా తర్వాతి అధికారి టై, ఓడ మెకానిక్ టైరోల్, యాండర్స్, సీలిక్స్, కానర్, బరొలే ఆ ఆరుగురు. యాండర్స్‌కు ఇది నచ్చక తప్పుకుంటే పైలట్ స్టార్‌బక్ ఆ కుర్చీలో కూర్చుంది. గేటా పేరు వచ్చింది. తీర్పు పడింది. బతిమాలుకోమని స్టార్‌బక్ రెచ్చగొట్టినా అతను బతిమాలలేదు. తను చేసిన పని చెబుతూ కుక్క గిన్నె మాట ఎత్తేసరికి టైరోల్‌కు వెలిగింది, ఆ సమాచారం అందుకున్నది తనే కనక. తలుపు ఆగింది. ఆ గిన్నె సంగతి నోటికి రాకపోయి ఉంటే, జనాన్ని కాపాడినవాడినే ద్రోహి అని శూన్యంలోకి విసిరేసేవాళ్లు.

ఆ మండలిలో కూర్చున్నవాళ్ల తర్వాతి కథ చూడండి. సైలాన్లకు సాయం చేశావని గేటాను తప్పుపట్టిన టై, టైరోల్ ఇద్దరూ సైలాన్లే. మొదట అక్కడ కూర్చుని తప్పుకున్న యాండర్స్ కూడా అంతే. ఆ రోజు వాళ్లకే ఆ సంగతి తెలియదు, కాబట్టి దొంగాట అనలేం. కానీ తెలిశాక వాళ్లను ఎవరూ ఎయిర్‌లాక్‌కు పంపలేదు. టై అడామా పక్కనే కొనసాగాడు. గేటా చావుకు ఓటేసిన సీలిక్స్ 2009లో గేటా పక్షాన చేరి తుపాకీ పట్టింది. అన్నిటికంటే నన్ను కలిచివేసేది జారెక్ సంగతి. ఆ మండలికి గుట్టుగా అధికారం ఇస్తూ సంతకం పెట్టిన ప్రెసిడెంట్ అతనే. గేటా చావుకు దారి తెరిచిన మనిషే ఆ తర్వాత గేటా భుజం మీద చెయ్యేసి, న్యాయం కోసం పోరాడదాం రా అన్నాడు.

రోజ్లిన్ పదవిలోకి రాగానే ఆ మండలిని ఆపించి అందరికీ క్షమాభిక్ష ప్రకటించింది. సైలాన్లతో పనిచేసినవాళ్లకూ, పనిచేశారని చంపినవాళ్లకూ కలిపి. నేవీ మిత్రులు దీన్నే ఆమె గొప్పతనంగా చెబుతున్నారు. రక్తపాతం ఆగింది, ఒప్పుకుంటాను. తెరమీద మనకు క్షమాభిక్ష కనిపించింది గాని, గేటాకు జరిగింది ఏమిటో నలుగురిలో చెప్పించిన విచారణ కనిపించలేదు. తనను చంపబోయినవాళ్లతోనే మర్నాటి నుంచి అతను ఒకే మెస్‌లో తిన్నాడు, వాళ్ల కిందే డ్యూటీ చేశాడు.

ఇంకో నష్టం కూడా జరిగింది. గేటా చేతులు పూర్తిగా శుభ్రం కావు. తిరుగుబాటుకు ముందు, 2008 డిసెంబర్ నుంచి వచ్చిన ‘ది ఫేస్ ఆఫ్ ది ఎనిమీ’ అనే పది చిన్న వెబ్ భాగాల్లో ఆ విషయం బయటపడుతుంది. న్యూ కాప్రికాలో బందీలను విడిపిస్తానన్న ఒక సైలాన్ యువతిని నమ్మి అతను పేర్లు ఇచ్చాడు. ఆమె వాళ్లలో చాలామందిని చంపించింది. అతను కావాలని చెయ్యలేదు, కానీ జరిగింది. సక్రమమైన విచారణ ఉండి ఉంటే ఆ నిజం అప్పుడే బయటికొచ్చేది, అతను దానికి జవాబు చెప్పేవాడు, కుక్క గిన్నె సంగతి కూడా రికార్డులోకి ఎక్కేది. మంచీ చెడూ రెండూ అతని లోపలే ఉండిపోయాయి. బాల్టార్‌ను కలంతో పొడవడం, ఆ తర్వాత బాల్టార్ విచారణలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, రెండూ ఆ పుండు లోంచి వచ్చినవే అని నేను నమ్ముతాను. బెదిరింపు లేకుండానే బాల్టార్ మరణశిక్షల జాబితా మీద సంతకం పెట్టాడని అతను సాక్ష్యం ఇచ్చాడు. ఆ సంతకం తల మీద తుపాకీ ఉండగా జరిగింది.

ఇదే మనిషి అంతకు ముందు ఎంత నిక్కచ్చిగా ఉండేవాడో హాల్లో ఎవరికీ గుర్తు రాలేదు, అందుకే చెబుతున్నాను. 2006 మార్చిలో వచ్చిన రెండో సీజన్ ముగింపులో రోజ్లిన్ మనుషులు ఎన్నికల్లో ఓట్లు దొంగిలిస్తే, పట్టుకుని పైవాళ్ల ముందు పెట్టింది గేటాయే. అందులో టై చెయ్యి కూడా ఉంది. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ ఓట్లు సరిగ్గా లెక్కపెట్టడం వల్ల బాల్టార్ గెలిచాడు, న్యూ కాప్రికా వచ్చింది, ఆక్రమణ వచ్చింది. నిజాయితీగా పనిచేసినందుకు అతనికి దక్కినవి ఇవి.

ఈ ఓడలో తిరుగుబాటు కొత్తా కాదు, ఎప్పుడూ ప్రాణం తీసిన నేరమూ కాదు. మొదటి సీజన్ చివర అడ్మిరల్ కొడుకు లీ అడామా టై తలకు తుపాకీ పెట్టాడు. రోజ్లిన్ ఓడల్లో మూడో వంతును విడగొట్టి తీసుకుపోయింది. డిమీట్రియస్ మీద హీలో అనే అధికారి స్టార్‌బక్‌ను కమాండ్ నుంచి తప్పించాడు. అందరూ తిరిగి వాళ్ల కుర్చీల్లోనే కూర్చున్నారు. 2007 మార్చిలో బాల్టార్ విచారణలో లీ నిలబడి, మనం ఒకరినొకరం ఇంతకుముందు ఎన్నెన్ని క్షమించుకున్నామో ఒక్కొక్కటే లెక్కచెప్పినప్పుడు కోర్టులో మారు మాట్లాడినవాడు లేడు. ఆ లెక్కలోకి గేటా మాత్రం రాలేకపోయాడు. ప్రతినిధుల హత్య అడ్డు పడింది అంటారు. ఆ హత్య జారెక్ చేయించాడు. శవాలు చూసి గేటా కుంగిపోయాడు, అయినా ఆగలేదు. ఇద్దరికీ ఒకే శిక్ష, ఒకే గంటలో, ఒకే చోట వెయ్యడం తప్పన్న కుర్రాళ్లతో నేను ఏకీభవిస్తాను.

హాల్లో ఒక పెద్దాయన 1946 మాట తెచ్చారు. అది తేకుండా ఈ ఊళ్లో ఈ వాదన ముగియదు. ఆ ఏడాది ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ స్థావరంలో తిండి గురించీ, అవమానాల గురించీ మొదలైన నావికుల సమ్మె కరాచీ, మద్రాసు, విశాఖ రేవులదాకా పాకింది. ఐదారు రోజుల్లోనే ముగిసింది. పటేల్ లాంటి నాయకులు లొంగిపొమ్మని, కక్షసాధింపు ఉండదని చెబితే నావికులు నమ్మారు. వందలమందికి ఉద్యోగాలు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లను నేవీ వెనక్కి తీసుకోలేదు. క్రమశిక్షణ అంటే అలాగే ఉంటుందని ఆ పెద్దాయన భావం. ఆయన చెప్పిన ఉదాహరణే నాకు ఎదురు వాదనగా కనిపిస్తోంది. సమ్మె ఎందుకు పుట్టిందో అడగకుండా, ఎలా ముగిసిందో మాత్రమే చూసి తీర్పిస్తే మిగిలేది అదే. గేటా చేతికి రక్తం అంటింది, ఆ నావికుల్లో ఎక్కువమందికి అంటలేదు. ఆ తేడా నాకూ తెలుసు.

ఈ సీరియల్ అడిగిన ప్రశ్నలు కల్పిత కథకే పరిమితం కావని దాన్ని తీసినవాళ్లకూ తెలుసు. 2009 మార్చి 17న ఐక్యరాజ్యసమితిలో మానవహక్కులు, యుద్ధం, రాజీ గురించి జరిగిన చర్చలో నిర్మాత రొనాల్డ్ మూర్, అడామాగా వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్, రోజ్లిన్‌గా వేసిన మేరీ మెక్‌డానెల్ పాల్గొన్నారు. గేటా చనిపోయిన ఎపిసోడ్ వచ్చి అప్పటికి ఆరు వారాలైనా కాలేదు.

తిరుగుబాటు తర్వాత ఓడలో జరిగినది కూడా ఈ గొడవకు సంబంధించినదే. చనిపోయిన ప్రతినిధుల స్థానంలో కాలనీలవారీగా కాకుండా ఓడల కెప్టెన్లతో కొత్త సభ ఏర్పడింది. మార్చి 20న వచ్చిన ముగింపులో చివరి దాడికి మనుషులు కావలసివచ్చేసరికి, తిరుగుబాటు పక్షాన నిలిచిన రేస్‌ట్రాక్ రాప్టర్ నడుపుతూ ఉంది. చచ్చిపోయాక ఆమె చెయ్యి తగిలి పేలిన అణుబాంబులే సైలాన్ల కోటను నాశనం చేశాయి. ఆ దాడికి బయల్దేరుతూ అడామా మిగతా ఓడలన్నిటికీ అడ్మిరల్‌గా పెట్టి వెళ్లింది లూయీ హోషీని. హోషీ గేటా ప్రేమించిన మనిషి. అంటే తిరుగుబాటుదారులనూ వాళ్ల సొంతవాళ్లనూ మళ్లీ నమ్మడం అడామాకు చేతకాని పని కాదు. గేటా విషయంలో ఆ నమ్మకానికి కొద్ది వారాల గడువు కూడా ఎందుకు ఇవ్వలేదో, మరణశిక్షలను సమర్థించిన మిత్రులు ఇప్పటికీ నాకు చెప్పలేదు. వచ్చే ఆదివారం ‘కొలాబరేటర్స్’ వేస్తారట. అది చూశాక మళ్లీ అడుగుతాను.