ఎర్రచందనం గొడవ: మలుపు తిరిగింది ఆ ఏడాదిన్నరలోనే

ఎర్రచందనం మళ్లీ వార్తలకెక్కింది. 2025 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తిరుపతి దగ్గరి మంగళం గోదాముకు వెళ్లి, పట్టుబడ్డ దుంగల నిల్వలు చూసి వచ్చారు. ఆ రోజుల్లోనే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఈ చెట్టు సంరక్షణ కోసం రాష్ట్రానికి 39.84 కోట్ల రూపాయలు విడుదల చేసింది. దాంతో పాత ప్రశ్నలు రెండూ మళ్లీ పైకొచ్చాయి. గోదాముల్లో ఉన్న దుంగలు అమ్మితే వచ్చే డబ్బు ఎవరిది? సొంత చేలో పెంచిన చెట్టును కొట్టి అమ్ముకోవడానికి రైతుకు అన్ని తిప్పలెందుకు?

శేషాచలంలో దొంగనరుకుడు ఎప్పుడు మొదలైందో, దుంగలు ఏ రేవుల మీదుగా చైనా చేరేవో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కథ వదిలేసి నేరుగా 2013 అక్టోబరు 24కు వెళదాం. అక్కణ్నుంచి 2015 ఏప్రిల్ దాకా నడిచిన ఏడాదిన్నరలోనే ఈ గొడవ మలుపు తిరిగింది.

ఆ రోజు కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పట్టుబడ్డ ఎర్రచందనంలో 8,584 టన్నులను దుంగల రూపంలోనే ఎగుమతి చేసుకోవచ్చని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి అనుమతి. అడవి చెట్టు ఎగుమతి మీద నిషేధం ఉంది కాబట్టి ఇది ప్రత్యేక మినహాయింపు. వాదన వినడానికి బాగానే ఉంది: ఏళ్లుగా గోదాముల్లో పడి ఉన్న సరుకు అమ్ముడుపోతే ఖజానాకు డబ్బొస్తుంది, మార్కెట్లో చట్టబద్ధంగా దొరికితే దొంగసరుకుకు గిరాకీ తగ్గుతుంది.

రెండో మాట జరగలేదు. రెండు నెలలు తిరగకుండానే, 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో నరికేవాళ్లను పట్టుకోబోయిన ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. ఆర్నెల్లకు రాష్ట్రం విడిపోయింది. లోటు బడ్జెట్‌తో మొదలైన కొత్త ప్రభుత్వం నెత్తిన రైతు రుణమాఫీ హామీ ఉంది. దానికి నిధులు ఎక్కడివి అని అడిగితే చెప్పిన దారుల్లో ఎర్రచందనం వేలం ఒకటి. అంతవరకూ అటవీ శాఖకు తలనొప్పిగా ఉన్న దుంగలు ఆర్థిక శాఖ లెక్కల్లోకి వచ్చాయి. నా లెక్కలో అసలు మలుపు ఇదే. చెట్టును కాపాడాల్సిన వాళ్లే దాని అతి పెద్ద వ్యాపారి కూడా అయ్యారు.

2014 నవంబరులో తొలి విడతగా 4,160 టన్నులకు ఈ-వేలం పెట్టారు. విదేశీ కొనుగోలుదారులనూ పిలిచారు. ఏ గ్రేడ్ దుంగ టన్ను ఎంత పలికిందో పేపర్లలో వచ్చింది. స్మగ్లర్లకు ధర ముందే తెలుసు. కొత్తగా తెలిసింది ఊళ్లలో ఉన్న మామూలు జనానికి. గిరాకీ తగ్గించాల్సిన వేలం ధరకు ప్రభుత్వ ముద్ర వేసినట్టయింది.

అదే నవంబరు 21న, పెద్దగా ఎవరూ పట్టించుకోని ఇంకో పని జరిగింది. జీవవైవిధ్య చట్టం కింద లాభాల పంపిణీ నిబంధనలు వచ్చాయి. అంటే చెట్టూచేమలతో వ్యాపారం చేసి సంపాదించినదాంట్లో కొంత వాటిని కాపాడేవాళ్లకు చేరాలన్నమాట. చందనం, ఎర్రచందనం లాంటి ఖరీదైన సరుకు వేలం వేసినా అమ్మినా వచ్చిన సొమ్ములో 5 శాతానికి తగ్గకుండా ముందే పక్కన పెట్టాలని అందులో రాశారు. ఈమధ్య విడుదలైన 39.84 కోట్లు ఈ ఏర్పాటు నుంచి వచ్చినవే.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం ఈతగుంట, చీకటిగలకోన దగ్గర, ఎర్రచందనం దొంగరవాణాను ఆపడానికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లే. తమ మీద రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేశారని, ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు.

కుటుంబాలు చెప్పింది వేరు. కొందరిని బస్సులోంచి దింపి తీసుకెళ్లారని, అడవిలోకి వాళ్లు నడిచి వెళ్లనే లేదని వాదించాయి. శవాల మీద గాయాలు దగ్గరి నుంచి కాల్చినట్టున్నాయని హక్కుల సంఘాలు అన్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక్కో కుటుంబానికి 5 లక్షల చొప్పున మధ్యంతర సాయం ఇవ్వాలని సిఫారసు చేసింది. చనిపోయినవాళ్లలో జవ్వాదు కొండల గిరిజనులూ ఉన్నారు. వానకు పండే కొద్దిపాటి చేను, మిగతా రోజుల్లో వలస కూలి, గొడ్డలి పనిలో నేర్పు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే బండెక్కేవాళ్లు. దుంగకు వచ్చే కోట్లలో వాళ్ల చేతికందేది కొన్ని రోజుల కూలి. మేస్త్రీ పైన ఏజెంటు, ఆ పైన ఎగుమతిదారు. ఆ కొండ మీద చచ్చిపోయినవాళ్లలో పై రెండు మెట్లవాళ్లు ఎవరూ లేరు.

2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. విచారణ లేకుండానే ముందస్తుగా నిర్బంధించే పీడీ యాక్టు వాడకం పెరిగింది. నరుకుడు ఆగిందా అంటే, కొత్తగా పట్టుబడ్డ దుంగలే జవాబు.

ఇంత గొడవకు కారణమైన చెట్టు ఎక్కడ పెరుగుతుందో కూడా చూడాలి. శేషాచలం, వెలికొండ, లంకమల, పాలకొండలు, నల్లమల దక్షిణ అంచు. ఈ మెట్ట అడవి తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతట అది పెద్దగా పెరగదు. మట్టి పలచన, అంతా రాయి, ఎండాకాలం ఆకులన్నీ రాలిపోతాయి. చెట్టు నింపాదిగా పెరుగుతుంది. అందుకే చేవ అంత గట్టిగా, అంత ఎర్రగా వస్తుంది. అలల్లాంటి నార ఉన్న దుంగను జపాన్‌లో షామిసెన్ వాద్యం చేయడానికి తీసుకుంటారు. చైనాలో రాచకాలపు నమూనా కుర్చీలు, మంచాలు చేస్తారు. మనవాళ్లు బొమ్మలు చేశారు, గంధం తీసి మొహానికి రాసుకున్నారు, రంగు తీశారు. కొట్టిన మోడు నుంచి పిలకలు వస్తాయి కానీ కార్చిచ్చు, మేకలు దాటుకుని అవి మానులు కావాలంటే ఒక మనిషి పనిచేసే కాలమంతా పడుతుంది.

అదే కొండల మీద తంబజాలారి, మొగి, తెల్లకరక, పేరిత అనే చెట్లూ ఉన్నాయి. ఇవీ ఈ తూర్పు కనుమల సొత్తే, ఇవీ ఊళ్లకు పనికొచ్చేవే. వీటి కోసం టాస్క్‌ఫోర్స్ లేదు, గోదాము లేదు, వేలం లేదు. ధర లేని చెట్టు గురించి లెక్కలు కూడా ఉండవు. ఎర్రచందనం కోసం కొండెక్కిన గుంపు దారి కోసం, పొయ్యి కోసం ఏం నరికిందో ఏ కేసులోనూ రాయరు.

ఇప్పుడు రైతు సంగతి. అడవి చెట్టు మీద కాపలా పెరిగేకొద్దీ, చేలో పెంచమని ప్రభుత్వమే ప్రోత్సహించింది. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల్లోనూ తమిళనాడులోనూ చాలామంది నాటారు. చేవ పట్టాలంటే పాతిక ముప్పయ్యేళ్లు. అన్నేళ్లూ దొంగల టెన్షన్, రాత్రి కాపలా. కొట్టే వేళకు కాగితాల టెన్షన్. భూమి పట్టా చూపాలి, చెట్లు లెక్కపెట్టించాలి, నరకడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్, ఎగుమతికి మళ్లీ ఢిల్లీ అనుమతి. రైతు ఇవన్నీ పడలేక చెట్లను దళారికి వచ్చిన ధరకు ఇచ్చేస్తే, అదే దుంగ వేలం ధర పేపర్లో చూసి ఏమనుకుంటాడు? నీ గోదాములో ఉంటే సరుకు, నా చేలో ఉంటే అనుమానమా అనే అంటాడు.

అటవీ శాఖ మాటలోనూ నిజం ఉంది. నరికాక కొండ దుంగకూ చేను దుంగకూ తేడా చూడగానే చెప్పలేం. రైతు పర్మిట్ మీద అడవి సరుకు దాటిపోయే ప్రమాదం ఉంది. అయితే ఈ భయానికి మందు నాటిన రోజునే చెట్టును నమోదు చేయడం. కొట్టే రోజున వందసార్లు తిప్పడం కాదు.

దేశాల మధ్య ఒప్పందాల సంగతి ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే ఒప్పందం సైటీస్. 1995లో దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే వ్యాపారం చేయాల్సిన జాతుల జాబితాలో, ఎర్రచందనం చేరింది. 2004 నుంచి భారత్ ఎగుమతులు, వ్యాపారం వల్ల చెట్టుకు ముప్పుందా అని చూసే ఆ ఒప్పందం ప్రత్యేక సమీక్షలో ఉండిపోయాయి. 2019లో మన వాణిజ్య శాఖ సాగుభూమిలో పెరిగిన చెట్టు ఎగుమతికి దారి తెరిచింది. 2015లో జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వేసిన నిపుణుల కమిటీ సిఫారసే దానికి ఆధారం. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన సమావేశంలో భారత్‌ను ఆ సమీక్ష నుంచి తప్పించారు. రైతులకు ఇది మంచి కబురని కేంద్రం చెప్పింది. దారి తెరిచారన్నది నిజమే, చెక్‌పోస్టులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇదే కాలంలో, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో చెట్టు స్థానం కూడా అటూ ఇటూ ఊగింది. 2018లో ప్రమాదం కొంచెం తగ్గినట్టు వర్గం మార్చారు, కొన్నేళ్లకే మళ్లీ అంతరించే ముప్పున్న జాబితాకు తెచ్చారు.

డబ్బు దగ్గరికి వస్తే, విడుదలైన 39.84 కోట్లలో 38.36 కోట్లు అటవీ శాఖకు, 1.48 కోట్లు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి. రాష్ట్రంలో చెట్లు పెంచిన 198 మంది రైతులకు విడిగా దాదాపు 3 కోట్లు ఇచ్చారు. అటవీ శాఖ తన వాటాను కాపలాకు, మొక్కల పెంపకానికి ఖర్చు పెడుతుంది. చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఈ కొండల అంచున ఉన్న రైల్వే కోడూరు, రాజంపేట, చంద్రగిరి వైపు పంచాయతీల కమిటీలకు అందులో ఎంత చేరుతుంది, దాన్ని ఎవరు ఖర్చు పెడతారు అన్నది తర్వాతి వేలానికి ముందే ప్రభుత్వం కాగితం మీద చెప్పాలి.