కొండవాలు ప్లాటులో ఇల్లు: పర్యావరణ పరిశీలనపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో, వెలికొండల వైపు ఊళ్లలో ఇళ్లకు డిజైన్లు ఇచ్చే సివిల్ ఇంజనీరును నేను. వాలు నేల ప్లాటు కాగితాలతో వచ్చేవాళ్లలో కొందరు, ఢిల్లీ దాకా పోయి పర్యావరణ అనుమతి తెచ్చుకోవాలేమోనని బెంగపడుతుంటారు. ఎక్కువమంది మాత్రం ‘అవేం అక్కర్లేదంట సార్, రేపే జేసీబీ వస్తోంది’ అంటారు. వీళ్లను చూస్తేనే నాకు భయం.

అపోహ: కొండ పక్కన ఏది కట్టినా పర్యావరణ అనుమతి కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే కట్టడాలకే ఆ అనుమతి. సొంతిల్లు దాని దరిదాపులకు కూడా రాదు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ప్లాన్ మాత్రం తప్పదు. ప్లాటు అటవీ హద్దులో ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కిందకు వస్తుంది, అక్కడ ఇల్లు ఊసే ఎత్తకండి. పట్టా భూమా, కొండ పోరంబోకా అన్నది కూడా అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

అపోహ: అనుమతి అడగలేదంటే ప్రమాదం లేనట్టే.

వాస్తవం: ఆ నోటిఫికేషన్ ఇంటి వైశాల్యాన్ని కొలుస్తుంది, నేల వాలును కాదు. ఒకే వాలు మీద 150 చదరపు మీటర్ల ఇళ్లు 140 వేర్వేరుగా లేచినా ఏ ఒక్కటీ ఆ లెక్కలోకి రాదు. కానీ ప్రతి ఇల్లూ కొండ పాదాన్ని కొంత కోస్తుంది, వాననీటి దారిని కొంత మళ్లిస్తుంది. కొండకు ఇవన్నీ కలిపి ఒకే కోత. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. అక్కడున్నవి మన ఇళ్లలాంటివే.

అపోహ: అమెరికాలో ఒక్క ఇంటికి కూడా పర్యావరణ పరిశీలన చేస్తారు, మనకే పట్టింపు లేదు.

వాస్తవం: పిల్లలు అక్కడున్న పెద్దవాళ్లు ఈ మాట తరచూ అంటారు. కాలిఫోర్నియాలో 1970 నుంచి పర్యావరణ చట్టం ఉంది, అయినా సాధారణంగా ఒంటరి ఇంటికి మినహాయింపే. బర్క్లీలో నిటారు వాలు మీద తలపెట్టిన ఒక పెద్ద ఇంటికి ఆ మినహాయింపు చెల్లదంటూ చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. 2015లో అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసులో చివరికి మినహాయింపే నిలిచింది. అంటే అక్కడా ఒక్క ఇంటికి పరిశీలన మామూలుగా ఉండదు.

అపోహ: రాయి తగిలింది కదా, పునాదికి ఢోకా లేదు.

వాస్తవం: తగిలింది మట్టిలో కూరుకున్న గుండు కావచ్చు. పరుపురాయే అయినా దాని పొరలు ఎటు వాలి ఉన్నాయో చూడాలి. నాలుగు మార్కాపురం పలకలు దొంతరగా పెట్టి, మధ్యలో కాస్త నీళ్లు పోసి ఒక చివర ఎత్తి చూడండి. పొరలు లోయ వైపు వాలి ఉన్నచోట పాదం కోస్తే పైభాగం అలాగే జారుతుంది. పునాది అంచు వాలు ముఖానికి రాతిలో 60 సెంటీమీటర్లు, మట్టిలో 90 సెంటీమీటర్లకు తక్కువ దూరంలో ఉండకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 (అది ప్రమాణం సంఖ్య, ఏడాది కాదు) చెబుతుంది. అది కనీసం మాత్రమే. ఇల్లు సగం కోసిన నేల మీద, సగం పోసిన గ్రావెల్ మీద నిలబెడితే గోడల్లో ఏటవాలు పగుళ్లు రావడానికి ఒక్క వానాకాలం చాలు.

అపోహ: రాతిగోడ ఎంత లావుంటే అంత గట్టి.

వాస్తవం: గోడను పడగొట్టేది ఎక్కువగా దాని వెనక నిలిచిన నీళ్లు. మూడు మీటర్ల ఎత్తు గోడ వెనక నిండా నీళ్లు నిలిస్తే, మీటరు పొడవుకు దాదాపు నాలుగున్నర టన్నుల తోపుడు ఉంటుంది. మట్టి తోపుడు దీనికి అదనం. మన జిల్లాకు ముఖ్యమైన వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మోడం పట్టి రోజుల తరబడి కురుస్తాయి. పోయిందనుకున్న నీరు నేల లోపలే ఉంటుంది.

నేను డిజైన్ ఇచ్చిన ఒక గోడకు వానాకాలం పోయాక వెళ్తే నడుము దగ్గర పొట్ట వచ్చింది. నీళ్లు పోవడానికి పెట్టించిన బెజ్జాలన్నీ సిమెంటుతో నున్నగా మెత్తి ఉన్నాయి. ఇంటి పెద్దాయన ‘పాములు దూర్తాయని నేనే మూసేయించా సార్’ అన్నాడు. ఆయన భయం న్యాయమైందే. ఆ బెజ్జాలకు జాలీ పెట్టమని ముందే చెప్పకపోవడం నా తప్పు. రెండు బెజ్జాలు తెరవగానే ఎర్రనీళ్లు ధారగా కారాయి. అప్పట్నుంచి జాలీ బొమ్మ గీయందే డ్రాయింగు ఇవ్వను.

అపోహ: ఇంకుడు గుంత ఎక్కడ తవ్వినా మేలే.

వాస్తవం: చదునులో మేలే. వాలులో, గోడ పైభాగాన తవ్వితే మనమే ఆ గోడ వెనక్కి నీళ్లు పంపినట్టు. సెప్టిక్ ట్యాంకు సోక్ పిట్ అయితే ఏడాది పొడవునా తడుపుతూనే ఉంటుంది. రెండూ గోడకు దిగువన, ఇంటి పునాదికి దూరంగా ఉండాలి.

అపోహ: పరిశీలన పెడితే సామాన్యుడు ఇల్లు కట్టుకోలేడు.

వాస్తవం: పెద్ద ఫైలు నేనూ కోరడం లేదు. ప్లానుతో పాటు రెండు పేజీల వాలు నివేదిక తప్పనిసరి చేయమంటున్నాను. వాలు కొలత, రాతి పొరల దిశ, మట్టి పరీక్ష, పైనుంచి వచ్చే నీటి దారి, కోత ఎత్తు, తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు అన్నవి అందులో ఉంటే చాలు. ఆ ఖర్చు పొట్ట వచ్చిన గోడను మళ్లీ కట్టే ఖర్చులో చిన్న ముక్క.

ఆ నివేదిక తప్పనిసరి అయ్యేదాకా ఒక పని చేయండి. ప్లాటు కొనేముందు కార్తీకంలో, వాన వెలిసిన మర్నాడు అక్కడికి వెళ్లండి. వాలు మధ్యలో నీళ్లు ఊరుతున్నాయా, కంచె స్తంభాలు దిగువకు ఒరిగాయా, చెట్ల మొదళ్లు వంగి పైకి లేచాయా చూడండి. మూడూ కనిపిస్తే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.