పారాచూట్ తెరుచుకున్నాకే అసలు జాగ్రత్త: స్కైడైవింగ్‌పై అపోహలు, వాస్తవాలు

ప్రతి సంవత్సరం మార్చిలో, కొత్త సీజన్ ఊపందుకునే ముందు, అమెరికాలోని స్కైడైవింగ్ క్లబ్బులు ‘సేఫ్టీ డే’ జరుపుతాయి. ఉత్తర టెక్సాస్‌లోని మా చిన్న క్లబ్బులోనూ ఆ రోజు ఉదయమంతా హ్యాంగర్‌లోనే గడుస్తుంది. పైకప్పు దూలానికి వేలాడదీసిన హార్నెస్‌లో (ఒంటికి బిగించుకునే పట్టీల అమరికలో) ఒక్కొక్కరూ కూర్చుని, తలపైన పారాచూట్ చిక్కుపడినట్టు భావించుకుని, హ్యాండిళ్లు లాగే వరుసను మళ్లీ మళ్లీ సాధన చేస్తారు. వేల జంపులు చేసినవారు, ఇంకా ఇరవై కూడా దాటనివారు అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. ఈ ఏడాది ఆ శిక్షణ చూడటానికి రెండు మూడు తెలుగు కుటుంబాలు వచ్చాయి. వారి పిల్లల్లో ఇద్దరు వేసవి శిక్షణకు పేరు నమోదు చేసుకున్నారు. ఆ తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలు, నేను ఇక్కడ శిక్షకుడిగా, రిగ్గర్‌గా (అంటే పారాచూట్లను పరీక్షించి మడిచేవాడిగా) పనిచేస్తున్న ఇన్నేళ్లుగా మనవాళ్ల నోట వింటున్నవే కాబట్టి, సమాధానాలను ఒకచోట రాసిపెడుతున్నాను.

అపోహ: ప్రమాదమంతా పారాచూట్ తెరుచుకోకపోవడంలోనే ఉంది.

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే: “తెరుచుకోకపోతే ఎలా?” ఈ భయం సహజమైనదే గానీ, ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్న చోటు అది కాదు. స్కైడైవర్ వీపున ఉండే సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది మెయిన్, దీన్ని దూకేవారే మడుచుకోవచ్చు, అలవాటైన చేతికి పది పదిహేను నిమిషాల పని. రెండోది రిజర్వ్, దీన్ని మడవడానికి అమెరికా విమానయాన శాఖ ఇచ్చిన రిగ్గర్ సర్టిఫికెట్ ఉండాలి. ఒక్కసారి కూడా వాడకపోయినా సరే, ప్రతి 180 రోజులకు దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాలి. ఒక్కో రిజర్వ్‌కు నాకు రెండు మూడు గంటలు పడుతుంది. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ప్రతి అరనూ చూస్తాను, తాళ్లను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్యనుంచి జార్చుకుంటూ పోతాను. చివర్లో సంచి మూసిన పిన్నుకు సన్నని ఎర్ర దారం చుట్టి సీసపు ముద్ర నొక్కుతాను. ఆ తర్వాత బల్ల మీద నా పనిముట్లను లెక్కపెడతాను. లెక్క సరిపోకపోతే, ముద్ర తెంపి మొత్తం విప్పాల్సిందే, ఎందుకంటే లోపల మిగిలిపోయిన చిన్న ఇనుప ముక్క ఒక ప్రాణానికి అడ్డుపడవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే కార్డు మీద తేదీ వేసి సంతకం చేస్తాను.

అమెరికా పారాచూట్ సంఘం లెక్కల ప్రకారం 2023లో దేశమంతటా సుమారు 36.5 లక్షల జంపులు జరిగితే, 10 మంది మరణించారు. 1970లలో జంపులు ఇంతకంటే ఎంతో తక్కువ అయినా, ఏటా సగటున 40 మందికి పైగా చనిపోయేవారు. ఈ మార్పు వెనుక ఉన్న కారణాల్లో 1970లలో బిల్ బూత్ రూపొందించిన మూడు వలయాల విడుదల ఏర్పాటు ఒకటి. చెడిపోయిన మెయిన్‌ను వదిలించుకోవడానికి ఒక్క హ్యాండిల్ లాగితే చాలు. ఒకదానిలో ఒకటి దూరి ఉన్న మూడు ఉక్కు వలయాలు, మనిషి బరువును అంచెలంచెలుగా తగ్గిస్తూ, చివరి భారాన్ని ఒక సన్నని దారపు ముడికీ, దాని గుండా పోయే పసుపుపచ్చ కేబుల్‌కూ అప్పగిస్తాయి. కాబట్టి ఆ కేబుల్‌ను లాగడానికి పెద్ద బలం అక్కర్లేదు.

ఇప్పుడు జరుగుతున్న ప్రమాదాల్లో పెద్ద భాగం, ఏ లోపమూ లేకుండా చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందనే, నేలకు దగ్గరలో జరుగుతున్నాయి. పారాచూట్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా అది ఎత్తు కోల్పోతుంది; గట్టిగా తిప్పితే ముక్కు కిందికి వాలి దూసుకుపోతుంది. వంద అడుగుల ఎత్తులో ఎదురుగా చెట్టో కంచో కనిపించి, కంగారులో ఒక పక్క తాడును కిందికంటా లాగినవారికి, ఆ వేగం నుంచి తేరుకునేంత ఎత్తు మిగలదు. అందుకే కొత్తవారికి 1,000 అడుగుల దగ్గర గాలివాటుగా, 600 దగ్గర అడ్డంగా, 300 దగ్గర గాలికి ఎదురుగా రావాలనే క్రమాన్ని నేలమీద నడిపించి నేర్పిస్తాం. 300 అడుగుల కింద ఇక పెద్ద మలుపులు ఉండవు. పొలంలో దిగినా పరవాలేదు, కంచెకు కొంచెం తగిలినా పరవాలేదు, మలుపులో ఉండగా నేలను తాకకూడదని ప్రతి విద్యార్థి చేతా పదిసార్లు చెప్పిస్తాను.

అపోహ: ఆపద వస్తే ఏం చేయాలో అప్పటికప్పుడు తోస్తుంది.

తోచదు. నా 118వ జంపులో ఇది స్వయంగా తెలుసుకున్నాను. 4,000 అడుగుల దగ్గర పారాచూట్ విప్పాను. తెరుచుకునే క్షణంలోనే ఎడమ బ్రేకు (పారాచూట్‌ను తిప్పడానికి, వేగం తగ్గించడానికి లాగే తాడు) దానంతటదే ఊడిపోయింది, పారాచూట్ ఎడమకు గిర్రున తిరగడం మొదలుపెట్టింది, నా తల వెనుక తాళ్లు జడ అల్లినట్టు మెలిపడిపోయాయి. మెలి విప్పడానికి కాళ్లు ఆడిస్తూ గట్టిగా తన్నుకున్నాను. ఆ తిరుగుడులో కాలం ఎంత గడిచిందో తెలియలేదు. ఒక మనసు ‘ఇంకొక్కసారి తన్ను, విడిపోతుంది’ అంటూనే ఉంది. చేతికున్న, ఎత్తు చూపే ఆల్టీమీటర్ వైపు చూపు తిప్పితే ముల్లు 2,500 దగ్గరకు వస్తోంది. ఆ అంకె కిందికి పోతే ఇక ఆలోచన ఉండకూడదని మాకు నేర్పారు. కుడివైపున్న ఎర్ర హ్యాండిల్‌ను చూసి పట్టుకున్నాను, ఎడమవైపున్న వెండి రంగు హ్యాండిల్‌ను చూశాను, ఎర్రది లాగాను, వెంటనే రెండోది లాగాను. రిజర్వ్ తెరుచుకుని, పచ్చని గోధుమ చేలో నిలువుగా దిగాను. ఆ వరుసను నా చేతులు చేశాయి. సేఫ్టీ డే నాడు హార్నెస్‌లో వేలాడుతూ చేసిన సాధనే చేతుల్లో నిలిచి ఉంది. లోపం ఎవరిదని వెతకాల్సిన పని లేకపోయింది. ఆ మెయిన్‌ను ఉదయం తొందరలో మడిచింది నేనే, బ్రేకును దాని ఉచ్చులో సరిగ్గా నిలపనిదీ నేనే.

రిజర్వ్ ప్రాణం కాపాడినప్పుడు దాన్ని మడిచిన రిగ్గర్‌కు ఒక మద్యం సీసా బహూకరించడం ఇక్కడి ఆచారం. నేను మాత్రం అమ్మ పంపిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసుకెళ్లి మా రిగ్గర్ చేతిలో పెట్టాను. ఆయన ఆ డబ్బాను బల్ల మీద ఉంచి, నన్ను కూర్చోబెట్టి, ఆ గుడ్డను నా ఎదుటే మళ్లీ మడుస్తూ ప్రతి మడతా ఎందుకో చెప్పారు. రిగ్గర్ పని నేర్చుకోవాలని నిర్ణయించుకున్నది ఆ రోజే. ఆయన పర్యవేక్షణలో ఇరవై రిజర్వ్‌లు మడిచాకే నన్ను పరీక్షకు పంపారు.

అపోహ: ఏదీ చేయకపోయినా యంత్రం తెరుస్తుంది కదా.

సంచిలో ఏఏడీ (ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్) అనే, రిజర్వ్‌ను తనంతట తానే తెరిచే చిన్న పరికరం ఉంటుంది. జర్మనీలో తయారైన సైప్రెస్ అనే ఏఏడీ 1991లో వచ్చాక ఇది క్రీడాకారుల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. గాలి పీడనాన్ని బట్టి ఎత్తునూ వేగాన్నీ లెక్కగట్టి, మనిషి ఇంకా సెకనుకు సుమారు 35 మీటర్ల వేగంతో 750 అడుగుల ఎత్తు దాకా వచ్చేస్తే, రిజర్వ్‌ను మూసి ఉంచే తాడును లోపలి కటర్‌తో కోస్తుంది. విద్యార్థుల పరికరాల్లో ఇంతకంటే తక్కువ వేగానికే పనిచేసేలా అమర్చి ఉంటుంది. స్పృహ తప్పినవారిని, ఎత్తు మరిచిపోయినవారిని ఇది కాపాడింది, అందులో సందేహం లేదు. అయితే సగం తెరుచుకున్న పారాచూట్ కింద వేగం ఆ హద్దుకు చేరకపోవచ్చు. అప్పుడు పరికరం కదలదు, మనిషి మాత్రం నేలను గాయపడేంత వేగంతోనే చేరతాడు. తక్కువ ఎత్తులో తప్పు మలుపు తిప్పినప్పుడు అది చేయగలిగింది ఏమీ లేదు. దాన్ని లెక్కలో వేసుకుని దూకేవారిని నేను విమానం ఎక్కనివ్వను.

అపోహ: దూకగానే ఊపిరాడదు, కడుపులో దేవినట్టవుతుంది, పారాచూట్ విప్పగానే పైకి ఎగిరిపోతాం.

ఇవి మూడూ నిజం కావు. ఊపిరి మామూలుగానే ఆడుతుంది. కొత్తవారు భయంతో బిగబట్టుకుంటారు కాబట్టి, బయటికి గట్టిగా ఊపిరి వదలమని నేర్పిస్తాం. విమానం అప్పటికే గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. ఆ గాలి మీదికే మనం వాలుతాం కనుక, జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో దేవినట్టుండటం ఇందులో దాదాపు ఉండదు. పది పన్నెండు సెకన్లలో వేగం గంటకు 190-200 కిలోమీటర్ల దగ్గర నిలకడ పడుతుంది, ఆపైన ప్రతి వెయ్యి అడుగులకూ అయిదున్నర సెకన్లు పడుతుంది. వీడియోలో మనిషి పైకి లేచిపోయినట్టు కనిపించడానికి కారణం, చిత్రం తీస్తున్నవారు ఇంకా అదే వేగంతో పడుతూ ఉండటమే. సినిమాల్లో లాగా పడుతూ సంభాషించుకోవడం కుదరదు. గాలి హోరులో చేతి సైగలే భాష.

అపోహ: ఒకసారి శిక్షకుడితో కలిసి దూకితే, తర్వాత ఒంటరిగా దూకవచ్చు.

టాండెమ్‌లో మీరు అతిథి; హార్నెస్‌తో మిమ్మల్ని తనకు కట్టుకున్న శిక్షకుడే అన్నీ చూసుకుంటారు. ఒంటరిగా దూకాలంటే ముందు ఒక రోజంతా నేలమీద తరగతి ఉంటుంది. తర్వాతి మొదటి జంపులో ఇద్దరు శిక్షకులు చెరో పక్కా పట్టుకుని దూకుతారు. విద్యార్థి తన ఎత్తు తానే చూసుకుంటూ, 5,500 అడుగుల లోపు వెళ్లకుండా తానే విప్పాలి. ఇలా మెట్టు మెట్టుగా కనీసం 25 జంపులు పూర్తిచేసి, మాట పరీక్ష, రాత పరీక్ష, గాలిలో పరీక్ష దాటాకే ‘ఎ’ లైసెన్స్ వస్తుంది.

లైసెన్స్ వచ్చాక మొదలయ్యే అపోహ మరొకటుంది, అది నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెడుతుంది: ఇక చిన్న పారాచూట్ కొనుక్కోవచ్చని. చిన్నది చురుగ్గా తిరుగుతుంది, వేగంగా దిగుతుంది, తప్పును అంతే వేగంగా శిక్షిస్తుంది. 75 కిలోల మనిషి, 12 కిలోల పరికరాలతో కలిపి సుమారు 192 పౌండ్లు తూగుతాడు. ‘ఎ’ లైసెన్స్ దశలో పౌండుకు ఒక చదరపు అడుగు చొప్పున, అంటే కనీసం 192 చదరపు అడుగుల పారాచూట్ ఉండాలన్నది సిఫారసు. ఎవరైనా పాత పారాచూట్ చౌకగా ఇస్తామన్నారని నా దగ్గరకు వచ్చినవారికి ధర కంటే ముందు ఈ లెక్క వేసి చూపిస్తాను. అలాగే ‘ఎ’ లైసెన్స్ ఉన్నవారు 60 రోజులు దూకకపోతే, శిక్షకుల పర్యవేక్షణలో మళ్లీ ఒక జంపు చేయాలన్నది సిఫారసు. చలికాలం విరామం తర్వాత సేఫ్టీ డే వచ్చేది అందుకే.

హైదరాబాద్ గండిపేట దగ్గర నిలువు గాలి సొరంగం వచ్చాక, అందులో ఎగిరి వచ్చిన పిల్లలు తమకు సగం వచ్చేసిందని అనుకుంటున్నారు. శరీరాన్ని గాలిలో నిలబెట్టడం అక్కడ నిజంగా బాగా వస్తుంది, నేను ఎవరినైనా వెళ్లమనే చెబుతాను. కానీ సొరంగంలో నేల దగ్గరకు రాదు, ఆల్టీమీటర్ తిరగదు, పారాచూట్ నడపాల్సిన పని ఉండదు.

అపోహ: ఇది కుర్రాళ్ల ఆట.

అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ 2014లో తన 90వ పుట్టినరోజున టాండెమ్ జంపు చేశారు. మన దేశం నుంచి రేచెల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువంపై దూకారు. శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువంపైనా, 2006లో అంటార్కిటికాపైనా దూకారు. అమెరికా క్లబ్బుల్లో కనీస వయసు 18 ఏళ్లు. పై హద్దు వయసుది కాదు, ఆరోగ్యానిది: గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, భుజం కీలు తరచూ తప్పడం వంటివి ఉంటే ముందు వైద్యుడితో మాట్లాడాలి, మాకూ దాచకుండా చెప్పాలి. టాండెమ్‌కు బరువు హద్దు చాలా చోట్ల 100-110 కిలోల మధ్య ఉంటుంది.

అపోహ: డబ్బు కట్టాం, ఎండ కాస్తోంది, కాబట్టి విమానం ఎగరాలి.

ఎండ కాసినా గాలి ఎక్కువగా ఉండవచ్చు. ఒంటరిగా దూకే విద్యార్థులకు నేలమీద గాలి గంటకు 14 మైళ్లు దాటితే అనుమతి లేదు. మేఘాల్లోంచి దూకడం చట్టం ప్రకారమే నిషిద్ధం. 10,000 అడుగుల లోపు మేఘానికి పక్కగా 2,000 అడుగులు, కిందగా 500 అడుగులు, పైన 1,000 అడుగుల దూరం పాటించాలి, ఎందుకంటే తెల్లని ఆ దూదిలో మరో విమానం ఉందో లేదో ఎవరికీ కనిపించదు. మూడు గంటలు కారు నడుపుకుని వచ్చి, పెద్దవాళ్లను వెంట తీసుకొచ్చిన కుటుంబానికి ‘ఈ పూట లేదు’ అని చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా చెబుతాను. టెక్సాస్‌లో వసంతకాలపు గాలి తరచుగా పొద్దువాలేసరికి తగ్గుముఖం పడుతుంది కాబట్టి, వచ్చేటప్పుడు రోజంతా ఖాళీ ఉంచుకుని, భోజనం కట్టుకుని, నీళ్లు ఎక్కువగా తెచ్చుకుని రండి. గాలి తగ్గితే సాయంత్రం విమానానికి మీ పేరు పిలుస్తాం. తగ్గకపోతే మీ జంపును మరో వారానికి మారుస్తాం.