హెలీ స్కీయింగ్‌కు ఎక్కడికి వెళ్లాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నిటికంటే ఎక్కువ మంచు పడే చోటు చెప్పండి, అక్కడే బుక్ చేసుకుంటాం." హెలీ స్కీయింగ్ అంటే హెలికాప్టర్‌లో మంచు పర్వతం పైకి వెళ్లి, స్కీల మీద కిందికి దిగడం. సీజన్ దగ్గరపడుతోందంటే ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లు, తీర్చిదిద్దిన రన్ల (స్కీ దారుల) బయట దిగడం అలవాటైనవాళ్లు. అయినా ఎక్కడికి వెళ్లాలన్నది తేల్చుకునేది మాత్రం ఒక వీడియో చూసో, ఒక మిత్రుడి మాట వినో, ఏదో జాబితాలో మొదట కనబడిన పేరు చూసో. ముందు గైడుగా, తర్వాత ఇలాంటి యాత్రలు కుదిర్చే మనిషిగా నాకు పదే పదే ఎదురయ్యే అపోహలు ఇవి. మొదటిదాని గురించే ఎక్కువ చెబుతాను. జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది అక్కడే.

అపోహ: మంచు ఎక్కువ పడే చోట స్కీయింగ్ ఎక్కువ దొరుకుతుంది

వాస్తవం: మంచు కురిసేది మబ్బుల్లోంచి. ఆ మబ్బుల్లో హెలికాప్టర్ ఎగరదు.

అలాస్కాలో వాల్డీజ్ పట్టణం దగ్గర థాంప్సన్ కనుమ ఉంది. 1952-53 శీతాకాలంలో అక్కడ సుమారు 24.7 మీటర్ల మంచు కురిసింది. ఈ అంకె చూపించి "ఇంతకంటే ఏం కావాలి?" అని అడుగుతారు. అంత మంచు పడాలంటే ఎన్ని తుపాను రోజులు కావాలో ఎవరూ ఆలోచించరు. పసిఫిక్ మీది తేమ గాలి చుగాచ్ పర్వతాలను ఢీకొని, పైకి లేచి, చల్లబడి కురుస్తుంది. ఒక తుపాను వెళ్లి ఇంకొకటి వచ్చేలోగా ఆకాశం తెరిపి ఇస్తే అప్పుడే అక్కడ స్కీయింగ్. ఆ తెరిపి దొరికిన రోజున దానికి సాటివచ్చే చోటు నేను చూడలేదు. కానీ అది మీ వారంలో వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఇస్తే, ఆ మనిషి దగ్గర బుక్ చేయకండి.

మబ్బు పూర్తిగా కమ్మేయకపోయినా చిక్కే. ఆకాశం సమంగా తెల్లబడితే నీడలు మాయమవుతాయి. మంచు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోతాయి. నేల మూడు మీటర్ల కింద ఉందో, ముప్పై మీటర్ల కింద ఉందో పైలట్‌కు తెలియదు. పైగా దిగేటప్పుడు రెక్కల గాలికి పొడిమంచు లేచి చుట్టూ కమ్మేస్తుంది. అప్పుడు పైలట్ కన్ను నిలపడానికి ఏదో ఒకటి కావాలి: గైడ్లు ముందే పాతిన జెండా కర్ర, పైకి తేలిన ఒక రాయి, లేదా చెట్లు.

నేను నొక్కి చెప్పేది ఆ చెట్ల గురించే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా లోపలి పర్వతాల్లో, అంటే మొనాషీ, సెల్కిర్క్, కారిబూ శ్రేణుల్లో, దట్టమైన అడవి చాలా ఎత్తు వరకు ఉంటుంది. మబ్బు శిఖరాలను మూసేసినా, దాని కింద అడవిలోని ఖాళీ స్థలంలో దిగి, చెట్ల మధ్య స్కీ చేయవచ్చు. మంచు కురుస్తున్న రోజు అక్కడ మంచి రోజు. చుగాచ్‌లో స్కీ చేసే వాలుల మీద చెట్టన్నది ఉండదు. ఇదే మంచు కురిసే రోజు అక్కడ లాడ్జిలో పేకాట.

ఒక వసంతంలో నేను అలాస్కాలో ఉండగా ఒక మిత్ర బృందం వచ్చింది. ఏళ్ల తరబడి డబ్బు దాచుకుని వచ్చినవాళ్లు. రోజూ ఉదయం బూట్లు తొడుక్కుని, ట్రాన్సీవర్లు (మంచులో పూడిపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరాలు) కట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవారు. వాళ్లలో ఒకాయన వేలితో చూపిస్తూ "అదిగో, నీలం కనబడుతోంది కదా!" అనేవాడు. నిజమే, లాడ్జి పైన చేతి వెడల్పంత నీలం. దాని వెనకున్న కనుమ మాత్రం మూసుకుపోయి ఉంది. వెళ్లగలం సరే, తిరిగి రాలేకపోతే? పైలట్ ఏమీ మాట్లాడకుండా టీ తాగేవాడు. చివరి రోజు మధ్యాహ్నం కాసేపు ఎగిరారు, అంతే. అదే వారంలో వాళ్ల స్నేహితుడొకడు మొనాషీ అడవుల్లో నడుములోతు మంచులో దిగుతూ రోజూ ఫొటోలు పంపాడు. ఆ ఫొటోలు భోజనాల బల్ల దగ్గర చేతులు మారుతుంటే ఆ ముఖాలు చూడలేకపోయాను. వాళ్ల తప్పేమీ లేదు. మంచి రోజు ఎలా ఉంటుందో అందరూ చూపించారు, చెడ్డ రోజు ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు.

అందుకే నన్ను అడిగేవాళ్లకు నేను తిరిగి వేసే ప్రశ్న ఇది: హెలికాప్టర్ లేవని రోజున అక్కడ మీరు ఏం చేస్తారు? కొన్ని చోట్ల మంచు మీద నడిచే స్నోక్యాట్ బండి ఉంటుంది, మబ్బులోనూ నడుస్తుంది. కొన్ని చోట్ల పక్కనే లిఫ్టులున్న రిసార్ట్ ఉంటుంది. మరికొన్ని చోట్ల సముద్రం, గోడలు, మీ సహనం, ఇవే ఉంటాయి. నిర్వాహకులను గత ఐదు సీజన్ల లెక్క అడగండి: బుక్ అయిన రోజుల్లో నిజంగా స్కీ చేసినవి ఎన్ని? రోజంతా చేసినవి వేరుగా, గంటసేపు చేసినవి వేరుగా చెప్పమనండి. నిజాయితీ ఉన్నవాళ్లు చెబుతారు. "ఈ ఏడాది బాగుంటుంది" అంటే అది జవాబు కాదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే ఉంది. కెనడాలో ఎక్కువగా దిగిన నిలువు ఎత్తు లెక్కన అమ్ముతారు. వారానికి లక్ష అడుగులు, అంటే సుమారు 30,500 మీటర్లు, అన్నది అక్కడ ఎన్నాళ్లుగానో వాడుకలో ఉన్న కొలత. అలాస్కాలో చాలామంది హెలికాప్టర్ ఎగిరిన గంటల లెక్కన అమ్ముతారు. ఇంకొందరు 'అపరిమితం' అంటారు. ఆ మాట వినగానే సంతోషపడకండి. మబ్బు కమ్మేస్తే అపరిమితం కూడా సున్నాయే. వాడని ఎత్తుకు, వాడని గంటలకు కొందరు నగదు తిరిగి ఇస్తారు, కొందరు వచ్చే సీజన్‌కు జమ చేస్తారు, కొందరు ఏమీ ఇవ్వరు. గది, భోజనం ఖర్చు దాదాపు ఎక్కడా వెనక్కి రాదు. ఒప్పందంలో ఈ పేరా చదవకుండా విమాన టికెట్లు కొన్నవాళ్లను చూస్తే నాకు కోపం కంటే జాలే ఎక్కువ వేస్తుంది.

ఇదంతా విని అలాస్కా వెళ్లొద్దంటున్నానని అనుకోకండి. వెళ్లండి, కానీ చేతిలో అదనపు రోజులు పెట్టుకుని వెళ్లండి. వారమే సెలవు ఉంది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదంటే చెట్లున్న చోటు చూసుకోండి. చెట్లకూ వాటి ప్రమాదం ఉంది: కొమ్మల కింద, మొదలు చుట్టూ, వదులు మంచు కప్పిన గొయ్యి ఏర్పడుతుంది. తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. అందుకే అడవిలో ఇద్దరిద్దరుగా దిగాలని, ఒకరినొకరు వదలవద్దని గైడు విసుగు లేకుండా చెబుతూనే ఉంటాడు.

అపోహ: వీడియోలో అంత నిటారు వాలు దిగారు కదా, మనకూ అదే దొరుకుతుంది

ఏ వాలు తెరవాలన్నది కరపత్రం చెప్పదు. రోజూ ఉదయం గైడ్ల సమావేశంలో రన్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ తెరిచేదా, మూసేదా అని తేలుస్తారు. ఒక్క గైడు అభ్యంతరం చెప్పినా ఆ రన్ మూతపడే పద్ధతి చాలా చోట్ల ఉంది. మీరు ఎంత చెల్లించారన్నది ఆ గదిలో చర్చకు రాదు, రాకూడదు కూడా.

సముద్రతీర పర్వతాల మంచు తేమగా, కాస్త వెచ్చగా ఉంటుంది. నిటారు రాతికి కూడా అంటుకుంటుంది, తుపాను తర్వాత సాధారణంగా త్వరగా కుదురుకుంటుంది. చుగాచ్ వీడియోలు అలా ఉండడానికి కారణం అది. కొలరాడోలాంటి లోపలి పర్వతాల్లో మంచు తక్కువ, చలి ఎక్కువ. అడుగున చక్కెర పలుకుల్లాంటి బలహీన పొర ఏర్పడి వారాల తరబడి అలాగే ఉంటుంది. బ్రిటిష్ కొలంబియా లోపలి భాగం ఈ రెండింటికీ మధ్య. అక్కడ నిర్మలమైన చలి రాత్రుల్లో మంచు పైన పెరిగిన తుషారం తర్వాత కురిసిన మంచు కింద పూడిపోయి గైడ్లకు నిద్ర లేకుండా చేస్తుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. మనం స్కీ చేయాలని ఉబలాటపడే వాలులూ అవే. కెనడాలో నిర్వాహకులు పోటీదారులైనా సరే, మంచు పరిస్థితుల సమాచారాన్ని ఇన్ఫోఎక్స్ అనే వ్యవస్థ ద్వారా రోజూ ఒకరితో ఒకరు పంచుకుంటారు. కొత్త ప్రాంతంలో ఒంటరిగా పనిచేసే నిర్వాహకుడికి ఆ ఆసరా ఉండదు. దూరాన, ఎవరూ అడుగుపెట్టని చోటు కావాలని అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: ఎంత ఎత్తుకు వెళితే అంత మంచి స్కీయింగ్

2005 మే 14న డిడియే డెల్సాల్ అనే ఫ్రెంచ్ పైలట్ ఎవరెస్ట్ మీద హెలికాప్టర్ దించాడు. నిజమే. ఒంటరిగా, బరువు తగ్గించుకుని. మీరు వెళ్లేది నలుగురు మిత్రులు, ఒక గైడు, స్కీలు, ఇంధనంతో. 4,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 57 శాతమే. అక్కడ హెలికాప్టర్ మోసే బరువూ తగ్గుతుంది, మీ ఊపిరీ తగ్గుతుంది. హిమాలయాల్లో మనాలీ, గుల్మార్గ్ వైపు వెళ్లేవాళ్లు ఎత్తుకు అలవాటు పడడానికి ముందే రోజులు కేటాయించుకోవాలి. మొదటి రోజే శిఖరం మీద తలనొప్పితో కూర్చున్నవాళ్లను చూశాను. పైగా అక్కడ అక్షాంశం తక్కువ, ఎండ తీవ్రం. దక్షిణం వైపు వాలులు తొందరగా పెచ్చుకడతాయి. ఐస్‌లాండ్ ఉత్తరాన ట్రోల్ ద్వీపకల్పంలో శిఖరాలు 1,500 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అయినా అక్కడి రన్లు సముద్రం ఒడ్డుదాకా వస్తాయి.

ఐస్‌లాండ్‌కు పొడిమంచు కోసమని మే నెలలో వెళ్లకండి. అప్పుడు అక్కడ దొరికేది ఎండకు పైపొర మెత్తబడిన వసంత మంచు. అది కూడా హాయిగానే ఉంటుంది, తెలిసి వెళితే.

ఇక మిగిలినవి త్వరగా

జనవరిలో చలి ఎక్కువ కాబట్టి అన్ని చోట్లా అదే మంచి నెల అంటారు. కెనడా అడవులకు సరే. అలాస్కా వంటి ఉత్తర ప్రాంతాల్లో అప్పుడు పగలే కొద్ది గంటలు. అక్కడ మార్చి, ఏప్రిల్ చూడండి. న్యూజిలాండ్‌కు జులై నుంచి సెప్టెంబర్ దాకా.

హెలికాప్టర్ గాల్లో ఉండగా దూకాలి కదా అని ఇప్పటికీ అడుగుతారు. దూకరు. హెలికాప్టర్ కింది స్కిడ్లు (కాళ్లలాంటి కడ్డీలు) మంచును తాకాక దిగి, పక్కనే మోకాళ్ల మీద గుంపుగా వంగి కూర్చుంటారు.

ఆల్ప్స్‌లో ఎక్కడైనా దించుతారనుకోవడం కూడా పొరపాటే. ఫ్రాన్స్‌లో వినోదం కోసం పర్వతాల మీద ప్రయాణికులను దించడాన్ని 1985 నాటి పర్వత చట్టం నిషేధించింది. అందుకే అక్కడి స్కీయర్లు సరిహద్దు దాటి ఇటలీలోని ఆవోస్టా లోయకు వెళతారు. స్విట్జర్లాండ్‌లో నిర్ణయించిన స్థలాల్లోనే దించాలి. ఆస్ట్రియాలో అది ఆర్ల్‌బెర్గ్ ప్రాంతం దాటలేదు. ఎవరైనా "మేం చూసుకుంటాం" అంటే అనుమతి పత్రం అడగండి.

వీపున ఎయిర్‌బ్యాగ్ (మంచు చరియ విరిగితే గాలితో ఉబ్బే సంచి) ఉంది కదా అంటారు. కదిలే మంచులో పైన తేలడానికి అది నిజంగా సాయపడుతుంది. చెట్లకు, రాళ్లకు కొట్టుకోకుండా ఆపలేదు. ప్రమాదం జరిగితే హెలికాప్టరే వచ్చి కాపాడుతుందని కూడా అంటారు. పూడిపోయినవాళ్లకు విలువైనవి మొదటి పది, పదిహేను నిమిషాలు. తవ్వి తీయాల్సింది పక్కనున్న మీ జట్టే. మొదటి ఉదయం జరిగే ట్రాన్సీవర్ సాధనలో ఫోను చూసుకునేవాళ్ల మీద నాకు సహనం లేదు.

బీమా: మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి హెలీ స్కీయింగ్ వర్తించదు. ఆ పేరు రాతపూర్వకంగా ఉందో లేదో, మారుమూల నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తారో చూసుకోండి.

అపోహ: భయపడేవాళ్లు, మహా నిపుణులు కానివాళ్లు రాకూడదు

హాన్స్ గ్మోసర్ 1965లో కెనడాలోని బుగాబూ పర్వతాల్లో ఈ వృత్తికి బాట వేసిన నాటికి స్కీలు సన్నగా, పొడవుగా ఉండేవి. లోతు మంచులో వాటిని తిప్పడానికి నిజంగానే నైపుణ్యం కావాలి. ఇప్పటి వెడల్పు స్కీలతో, చదును చేయని మంచులో తడబడకుండా దిగగలిగి, రోజంతా కాళ్లు నిలిచే ఓపిక ఉంటే చాలు. కొత్తవాళ్ల కోసం ప్రత్యేక వారాలు నడిపే లాడ్జీలు కెనడాలో ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లను నేను అక్కడికే పంపుతాను.

భయం గురించి ఎక్కువగా ఫోను చేసేది జంటల్లో ఒకరు. రెండోవారికి తెలియకుండా, గొంతు తగ్గించి. "నా వల్ల మిగతావాళ్ల రోజు పాడవుతుందేమో" అంటారు. పాడవదు. చిన్న హెలికాప్టర్‌లో నలుగురే ఉండే బృందం, ఒకే స్థాయివాళ్లు ఉండే బృందం కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి, ఇచ్చేవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నానికి కాళ్లు అలసిపోతే ఇంధనం నింపుకోవడానికి వెళ్లే హెలికాప్టర్‌లో వెనక్కి వెళ్లే వీలు చాలా చోట్ల ఉంటుంది. దానికి వేరే రుసుము ఉందో లేదో ముందే తెలుసుకోండి. గైడుకు మీ భయం సంగతి చెప్పాల్సింది మాత్రం ఉదయం, హెలికాప్టర్ ఎక్కకముందు. శిఖరం మీద దింపి అది వెళ్లిపోయాక చెబితే, కిందికి ఉన్న దారి అదొక్కటే కావచ్చు.