పెద్ద జాతి కుక్క ఖర్చు: అపోహలు, వాస్తవాలు

పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చుకోక ముందే ఖర్చు గురించి అడిగేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు. తెచ్చుకున్నాక, బిల్లు చేతికి వచ్చాక అడుగుతారు. పశువైద్యుడిగా ముందే చెప్పాలనిపించే నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: కొనడానికే డబ్బు, తర్వాత తిండి ఒక్కటే.
వాస్తవం: తర్వాత దాదాపు అంతా బరువు మీదే నడుస్తుంది. నట్టల మందు, యాంటీబయాటిక్, మత్తుమందు అన్నీ కిలోల లెక్కన ఇస్తాం. 10 కిలోల కుక్కతో పోలిస్తే 50 కిలోల కుక్కకు చాలా మందులు ఐదు రెట్ల దాకా పడతాయి. టీకా మాత్రం దేనికైనా ఒకటే డోసు. తిండి కూడా ఐదు రెట్లు కాదు, మూడు రెట్లకు కాస్త ఎక్కువ.

అపోహ: ఎముకలు గట్టిపడాలంటే పిల్లకు కాల్షియం పట్టాలి, బొద్దుగా పెంచాలి.
వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఎందుకంటే ప్రేమతోనే చేస్తారు. పెద్ద జాతి పిల్లలు చిన్న వయసులో అదనపు కాల్షియాన్ని వద్దనుకోలేవు, ఒంట్లోకి చేరిపోతుంది. ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన సమతుల ఆహారం పెడుతుంటే విడిగా కాల్షియం అక్కర్లేదు. బరువు సంగతికొస్తే, 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వాటిని జతలుగా విడదీశారు. జతలో రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. వాటికి కీళ్లనొప్పుల చికిత్స కూడా ఆలస్యంగానే అవసరమైంది. పక్కటెముకలు చేతికి తగిలేలా ఉంచడం కంటే చవకైన వైద్యం నాకు తెలియదు.

అపోహ: పొట్ట ఉబ్బితే గ్యాసే, తెల్లారాక చూపిద్దాం.
వాస్తవం: తెల్లారేదాకా ఆగకండి. గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలిపడవచ్చు. అప్పుడు కుక్క వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు. చొంగ కారుతుంది, ఒకచోట నిలవదు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రి ఆపరేషన్ టేబుల్ పక్కన నిలబడి డబ్బు లెక్క చూసుకోవడం ఎవరికీ రాకూడని టెన్షన్. జీర్ణాశయాన్ని ముందే పొట్ట గోడకు కుట్టి ఉంచితే మెలిపడే ముప్పు బాగా తగ్గుతుంది. దాన్ని పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే చేయవచ్చు, మత్తు ఒక్కసారితో సరిపోతుంది. ఆ తేదీ ఖాయం చేసుకునేటప్పుడే మీ డాక్టరును అడగండి.