తెల్లనివన్నీ పాలు కావు

ఏప్రిల్ ఎండ, మిట్టమధ్యాహ్నం. బెంగళూరులో మా డాబా మీద నెత్తి మాడిపోతుంటే, నేను బిగించిన యూవీ (అతినీలలోహిత కిరణాల) సెన్సర్ మాత్రం సున్నా చూపిస్తోంది. వైర్లు రెండుసార్లు విప్పి చూశాను. చివరికి పైనున్న తెల్ల మూత తీశాక అంకెలు లేచాయి. దొంగ ఆ మూతే.

మూత ఎందుకంటే, యూవీ సూర్యుడి వైపు నుంచి మాత్రమే రాదు. ఆకాశమంతా చెదిరి నలువైపుల నుంచీ దిగుతుంది. దాన్ని పోగుచేసి సెన్సర్‌కి అందించాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఎల్‌ఈడీ బోర్డుల కోసం అమ్మే పాలరంగు అక్రిలిక్ ముక్క సరిపోతుందనుకున్నా. అలాంటి షీట్లకు తెలుపు సాధారణంగా టైటానియం డయాక్సైడ్ పొడి వల్ల వస్తుంది. సన్‌స్క్రీన్‌లో కలిపేదీ అదే! కంటికి కనిపించే వెలుగును చెదరగొడుతుంది, యూవీని మింగేస్తుంది.

పొడి లేని పారదర్శక పాలీకార్బొనేట్ కూడా పనికిరాదు. దాని అణువుల్లోని బెంజీన్ వలయాలే యూవీని పట్టేస్తాయి. అక్రిలిక్ స్వతహాగా సుమారు 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా యూవీని వదులుతుంది. కానీ చాలా షీట్లలో యూవీని ఆపే మందు కలిపే అమ్ముతారు. అది కలపని రకం దొరికితే గరుకు కాగితంతో రుద్దినా చాలు, గీతలే వెలుగును చెదరగొడతాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది టెఫ్లాన్, ప్లంబర్ కుళాయి మరకు చుట్టే తెల్ల టేపు. అందులో రంగుపొడి అక్కర్లేదు. లోపల స్ఫటికంగా ఉన్న చోట ఒకలా, లేని చోట ఇంకోలా వెలుగు వంగుతుంది. ఆ సరిహద్దుల్లో చెదిరి తెల్లగా కనిపిస్తుంది. పాలల్లో వెన్న బిందువులు చేసే పనే ఇది. నేలకు చేరే యూవీని దాదాపు మింగదు. కాకపోతే చాలా వరకు వెనక్కి కొట్టేస్తుంది కాబట్టి పలుచటి రేకే వాడాలి.

ఇంట్లో చూడాలంటే 365 నానోమీటర్ల యూవీ టార్చి, ఒక కరెన్సీ నోటు చాలు. టార్చి కింద నోటులోని సన్నపోగులు మెరుస్తాయి. మధ్యలో నా అక్రిలిక్ ముక్క పెట్టగానే ఆరిపోయాయి. టెఫ్లాన్ పెడితే మసకగానైనా వెలిగాయి. అయితే మామూలు కిటికీ అద్దం కూడా ఈ పరీక్ష పాసవుతుంది, చర్మాన్ని కమిలించే 300 నానోమీటర్ల దగ్గరి కిరణాలను మాత్రం ఆపేస్తుంది. అంటే ఇందులో ఫెయిలైతే అవతల పారెయ్యొచ్చు, పాసైనంత మాత్రాన సీటు ఖాయం కాదు.

టెఫ్లాన్‌కీ ఒక తిక్క ఉంది. 19 డిగ్రీల దగ్గర దాని స్ఫటికాల అమరిక మారి, వదిలే వెలుగు ఒకటి రెండు శాతం తేడా పడుతుంది. చెన్నైలో ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదేమో. బెంగళూరు జనవరిలో మాత్రం పొద్దున ఆ గీతకు కింద, పది దాటాక పైన.