బుడమేరు వరద వెనక 60 ఏళ్ల కథ

2024 సెప్టెంబరు 1న విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. కృష్ణమ్మ ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి అవి కృష్ణ నీళ్లేనని బయటివాళ్లు చాలామంది అనుకున్నారు. ముంచింది బుడమేరు అనే కొండవాగు. కృష్ణ చేసిందల్లా బుడమేరుకు దారి ఇవ్వకపోవడం. ఈ రెండింటి సంబంధం తెలిస్తేనే ఆ వరద అర్థమవుతుంది. ఇప్పుడు ఎక్కడ తవ్వాలి, ఎవరి ఇళ్లు తీయాలి అని సాగుతున్న చర్చ కూడా అప్పుడే అర్థమవుతుంది.

బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా బెజవాడ ఉత్తరపు అంచు పట్టుకుని వచ్చి, ఏనికెపాడు దగ్గర ఏలూరు కాలువను దాటి కొల్లేరులో కలుస్తుంది. కొండవాగు లక్షణం కొండవాగుదే. పైన వాన దంచితే గంటల్లో ఉరికి వస్తుంది. మిగతా రోజుల్లో ఊళ్లో అది గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువలా ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని బెజవాడ దుఃఖదాయని అన్నారు. కానీ పదేళ్లు, ఇరవై ఏళ్లు పొంగకపోతే ఆ పేరు ఎవరికి గుర్తుంటుంది?

చిక్కు 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. బందరు, రైవస్, ఏలూరు కాలువలు డెల్టాకు నీళ్లిచ్చాయి, బెజవాడ ఊరు పెరిగింది. పంటకు నీళ్లు తీసుకెళ్లే కాలువకు గట్లుంటాయి. తర్వాత వచ్చిన రైలు మార్గాలకూ గట్లున్నాయి. కొండల నుంచి కొల్లేరు వైపు జారే వాన నీటికి ఈ గట్లు అడ్డం. అందుకే ఏనికెపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింద నుంచి, అండర్ టన్నెల్‌లో దూరి వెళ్లాలి. పైన కాలువ, కింద ఏరు. ఆ తూముల నోరు ఎంత వెడల్పుంటే అంత నీరే అవతలికి పోతుంది. మిగిలింది వెనక్కి ఎగదన్ని ఊరి మీద పడుతుంది.

1964 వరదల తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు నీరు పోయే దారుల మీద ప్రభుత్వం మిత్రా కమిటీ వేసింది. 1968లో డెల్టా రైతుల నుంచి డ్రైనేజీ సెస్సు వసూలుకు చట్టం కూడా వచ్చింది. డ్రెయిన్ల గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన కాలం మనకు మళ్లీ రాలేదని నా అభిప్రాయం. అయితే ఆ ఆలోచనంతా పంట పొలాల చుట్టూ తిరిగింది. మునిగేది వరి చేను అన్న లెక్కలోనే సాగింది.

బుడమేరు విషయంలో ఎంచుకున్న ఉపాయం, నీళ్లు ఊరికి చేరకముందే మళ్లించడం. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అంటే నీటిని ఆపి వదిలే గేట్లున్న కట్టడం, కట్టారు. అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. మంచి ఉపాయమే, కానీ దానికో షరతుంది. బుడమేరు పొంగినప్పుడు కృష్ణ తగ్గి ఉండాలి. కృష్ణ కూడా నిండుగా వస్తుంటే ఛానల్ నీటిని నది తీసుకోదు. అప్పుడు వెలగలేరు గేట్లెత్తి పాత దారిలో, అంటే ఊరి మీదుగా, వదలక తప్పదు.

ఆ పాత దారిలో ఈలోగా ఏం జరిగిందన్నదే ఈ కథలో అసలు సంగతి. నీళ్లు మళ్లించారు కాబట్టి బుడమేరు ఇక రాదని ఊరు నమ్మింది. పల్లపు భూమి చవగ్గా దొరికింది. ప్లాట్లు వేశారు, కొన్నారు, కట్టుకున్నారు. ప్రభుత్వమూ అదే దారి పట్టింది. కాలువ గట్ల మీద, కొండ వాలుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలకు వాంబే కాలనీలోనూ, 2005లో మొదలైన కేంద్ర పట్టణ పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం కింద జక్కంపూడి వైపూ ఇళ్లు కట్టించి ఇచ్చింది. ఒక ముంపు నుంచి లేపి ఇంకో ముంపులో కూర్చోబెట్టినట్టయింది.

అందుకే వరద వచ్చిన ప్రతిసారీ ‘ఆక్రమణలు’ అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఏటి గర్భంలోకి జొరబడిన కట్టడాలు లేవనడం లేదు, ఉన్నాయి. కానీ మునిగినవాళ్లలో పట్టా ఉన్నవాళ్లు, రిజిస్ట్రేషన్ చేయించుకుని ఇంటి పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వం చేతుల మీదుగా తాళాలు అందుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇక్కడ స్థలం కొనేవాడి చేతికొచ్చే దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది, నాలుగు వైపులా హద్దులుంటాయి. బుడమేరు పొంగితే ఆ నేల మీద ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయో మాత్రం ఉండదు. ఏటి సంగతి జలవనరుల శాఖది. లేఅవుట్లు 1978 నుంచి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా చేతిలో, 2014 డిసెంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ చేతిలో ఉన్నాయి. ఇంటి ప్లాన్, మురుగు కాలువ కార్పొరేషన్‌వి. పట్టా రెవెన్యూది. నాలుగు ఆఫీసుల కాగితాలనూ ఒకే పటం మీద పెట్టాల్సిన పని ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

2005 సెప్టెంబరులో బుడమేరు ఊరిని ముంచినప్పుడు ఆ పటం గీయడానికి అవకాశం వచ్చింది. అదే ఏడాది జులై 26న ముంబైలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పట్టణ వరదలకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఊళ్లో వచ్చే వరద వేరు, పొలాల్లో వచ్చే వరద వేరు అని దేశం స్థాయిలో ఒప్పుకున్నది అప్పుడే. బెజవాడలో మాత్రం చర్చ ఛానల్ వెడల్పు దగ్గరే తిరిగింది. దాన్ని పెంచే పనులు మొదలుపెట్టి, పోలవరం కుడి కాలువతో కలిపారు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లూ ఆ దారినే కృష్ణకు వస్తున్నాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర ఛానల్ ఇరుకు మాత్రం తీరలేదు.

2009 అక్టోబరులో వంతు కృష్ణది. బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చింది. నది ఒడ్డునే ఉండి ఏటా భయపడే కృష్ణలంకకు తర్వాతి ఏళ్లలో దఫాలవారీగా రిటైనింగ్ వాల్ కట్టారు. 2024లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, చరిత్రలోనే ఎక్కువ, వచ్చినా కృష్ణలంకను చాలావరకు కాచింది ఆ గోడే. సరిగ్గా చేసిన పని ఫలితమిస్తుందనడానికి అది సాక్ష్యం. కాకపోతే నది వైపు కాపలా పెట్టి, ఊరికి రెండో వైపు వదిలేశారు. కేంద్రం నిధులతో 461 కోట్ల వాన నీటి డ్రెయిన్ల పథకం వచ్చింది కానీ అదీ సగంలో ఆగింది. పూర్తయి ఉన్నా ఒక ప్రశ్న మిగిలేది. డ్రెయిన్ కలిసే ఏరే పొంగితే నీళ్లు తిరిగి డ్రెయిన్‌లోంచి వీధిలోకి వస్తాయి.

2024లో అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం కృష్ణా జిల్లాలను, అటు ఖమ్మాన్ని కలిపి తడిపింది. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కృష్ణ నిండుగా ఉంది, ఛానల్ నీరు దిగలేదు, కట్టకు మూడు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. పాలు, అన్నం ప్యాకెట్లు డ్రోన్లతో డాబాల మీదికి దించారు. నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లు కడిగారు. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు పరిహారం ప్రకటించారు. ఫ్రిజ్, మంచం, కుట్టుమిషన్, బురద పట్టిన బండి, పిల్లల సర్టిఫికెట్లు. ఒక ఇంటి నష్టం 25 వేలతో తీరేది కాదని సింగ్‌నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

వాతావరణ మార్పు ఈ లెక్కను ఇంకా బిగిస్తోంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. విడవాల్సి వచ్చినప్పుడు ఒక్కసారే విడుస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లయ్యాయని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది. మన దగ్గర రెగ్యులేటర్లు, తూములు మాత్రం వెనకటి వానల లెక్కతో కట్టినవి. బుడమేరు, కృష్ణ ఒకేసారి పొంగే సందర్భాన్ని ఇకపై అరుదైనదిగా తోసేయకుండా, డిజైన్‌లోనే దానికి చోటివ్వాలి.

నది అవతల అమరావతి కోసం ఆ పని కొంత జరిగింది. కొండవీటి వాగు నీటిని ఎత్తి కృష్ణలో పోసేందుకు ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కుల పథకం 2018కే సిద్ధమైంది. అది అవసరమే. 2011 జనాభా లెక్కల ప్రకారమే 10.34 లక్షల మంది ఉన్న విజయవాడకు ఆపాటి శ్రద్ధ ఎందుకు దక్కలేదన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు ‘ఆపరేషన్ బుడమేరు’ పేరుతో ప్రణాళికలు వేస్తున్నారు. ఛానల్‌ను ఇంకా పెంచాలని ఒక మాట. అది మంచిదే, కృష్ణ తగ్గి ఉన్న రోజున. నది నిండితే మిగిలేది కొల్లేరు దారే. కొల్లేరులో చేపల చెరువుల గట్లు నీటిని ఎంత ఆపుతున్నాయో 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. 2006లో ఆ చెరువుల గట్లు కొట్టేసినప్పుడూ విన్నాం. ఆ సరస్సు నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు పూడిపోతే ఏనికెపాడు తూములు ఎంత పెంచినా లాభం తక్కువ. వెలగలేరు నుంచి ఉప్పుటేరు దాకా ఒకే సర్వే జరగాలి. 2005లో, 2024లో ఏ వీధిలో ఎన్ని అడుగులు నిలిచిందో వార్డు పటాల మీద గీసి వార్డు సచివాలయాల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో పెట్టాలి. ఏటి గర్భంలో ఉన్నందుకు ఏ ఇల్లు తీయాల్సి వచ్చినా, ఆ కుటుంబానికి ముందే చూపించాల్సిన స్థలం ఆ పటంలో ముంపు గీత బయట ఉండాలి.